రాతిలో దాగిన నీళ్ళు

పిల్లలూ! మీ ఇంట్లో పటిక ఉన్నదా? పటికబెల్లం కాదు సుమా! అది ఉంటే ఈపాటికి మీరు చప్పరించేసే ఉంటారు. నేనడిగేది నోట్లో పెట్టుకుంటే వగరెక్కే పటిక. వానాకాలంలో బురదనీళ్ళు తేరుకోవటానికి అమ్మమ్మ బిందెలో తిప్పుతుందే, గడ్డం గీసిన తరువాత చెంపలకు రుద్దుతారే, దిష్టి తగలకుండా కొందరు గుమ్మానికి వేలాడగడతారే, అది. చూడటానికి గాజుముక్కలా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే తడి అన్నమాటే ఉండదు.

అటువంటి పటిక 100 గ్రాములు తీసుకుంటే అందులో 45 గ్రాములకు పైగా నీళ్ళే ఉన్నవంటే మీరు నమ్ముతారా?

నా మాట మీద నమ్మనక్కరలేదు. చేసి చూడండి. అయితే ఒక్కరూ చేయకూడదు. అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకోవాలి. పాత ఇనుప గరిటెలో శనగగింజంత పటిక ముక్క వేసి, గరిటెను పట్టకారుతో పట్టుకుని సన్నని మంట మీద పెట్టమనండి. కొంచెం సేపటికి పటిక కరుగుతుంది. తరువాత బుడబుడమని పొంగుతుంది. పైన ఒక చల్లని స్టీలు పళ్ళెం అడ్డం పెడితే దాని అడుగున చెమట పట్టినట్లు నీటిబొట్లు కనబడతవి. చివరకు గరిటెలో మిగిలేది పేలంలా తెల్లగా, గుల్లగా, తేలికగా ఉంటుంది. చిట్కావైద్యంలో పొంగించిన పటిక అనేది దీనినే. అంతటితో మంట ఆర్పెయ్యాలి. ఇంకా కాలిస్తే ఘాటైన పొగ వస్తుంది.

ఆ నీటిబొట్లు ఎక్కడివి? పటికలోవే. పటిక స్ఫటికాన్ని ఒక గోడ అనుకుంటే అందులో చాలా ఇటుకలు నీటి అణువులే. పటిక అణువు ఒక్కొక్క దానికీ 12 నీటి అణువులు తోడుగా ఉంటవి. అవి పారవు, కారవు, చేతికి అంటవు. వేడి తగిలినప్పుడు మాత్రమే గోడ విడిచి ఆవిరై లేచిపోతవి. ఈ నీటిని స్ఫటికజలం అంటారు. పై తరగతులలో మీకు పాఠంగానే వస్తుంది.

ఈ సంగతి ఏమీ తెలియకపోయినా, దీనితో పని చేయించుకున్నవారు చాలా పూర్వమే ఉన్నారు. రెండువేల సంవత్సరాలకు పైబడిన మాట. రోమను సేనాని సుల్లా గ్రీసు దేశంలో ఏథెన్సు నగరపు రేవు అయిన పైరియస్‌ను ముట్టడించాడు. క్రీస్తుపూర్వం 87, 86 సంవత్సరాలలో ఆ ముట్టడి జరిగింది. రేవును కాపాడుతున్నవాడు ఆర్కెలాయస్ అనే సేనాని. అతడు కట్టించిన ఒక కర్రబురుజుకు సుల్లా సైనికులు ఎంత నిప్పు పెట్టినా అంటుకోలేదట! తరువాత తెలిసినదేమంటే, ఆ కర్రలన్నిటికీ పటిక దట్టంగా పూయించి ఉంచాడు.

ఈ కథ మనకు అందిన తీరు కూడా బాగుంటుంది. ఆలస్ గెల్లియస్ అనే రోమను రచయిత ఒకనాడు మిత్రులతో కలిసి వీధిలో నడిచిపోతుండగా ఎత్తయిన మేడ ఒకటి భగభగ మండుతూ కనిపించింది. మిత్రులలో ఒకాయన, పట్నంలో ఇళ్ళు తగలబడకుండా ఏదైనా మందు దొరికితే పల్లెలో పొలం అమ్మివేసి పట్నంలోనే ఇల్లు కొనుక్కుందును గదా అని నిట్టూర్చాడు. అప్పుడు వారి గురువుగారు ఆ బురుజు కథ చెప్పారు. పట్నంలో మేడ కొనేవారికి ఆనాడున్న బెంగే ఈనాడూ ఉన్నది.

ఇక మన ఇంటికి వద్దాం. మీ ఇంటి గోడలలో కర్రబురుజు లేదు గాని, కరెంటు తీగలున్నవి. నా చిన్నతనంలో తీగలు గోడ మీదనే, టేకు పట్టీల వెంట కనబడుతూ పోయేవి. ఇప్పుడు గోడ లోపల గొట్టాలలో దాచేస్తున్నారు. ఎక్కడ వేడెక్కినా మన కంటికి తెలియదు. రాగితీగ మండదు, దాని మీది ప్లాస్టిక్కు తొడుగు మండుతుంది. మన ఇళ్ళలో ఆ తొడుగు చాలావరకు పి.వి.సి. అనే ప్లాస్టిక్కుతో చేస్తారు.

పి.వి.సి.ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. చవక, మెత్తన, నీటికి చెడదు. పైగా తనంతట తాను భగ్గున మండిపోయే రకం కాదు. కారణం, దాని మూలపదార్థపు బరువులో నూటికి 57 పాళ్ళు క్లోరిన్. కుళాయినీళ్ళలో అప్పుడప్పుడు వాసన తగులుతుందే, ఆ క్లోరినే. క్లోరిన్, బ్రోమిన్, ఫ్లోరిన్, అయొడిన్, ఈ అన్నదమ్ములను హాలొజన్లు అంటారు. ఉప్పును పుట్టించేవి అని ఆ మాటకు అర్థం. మనం తినే ఉప్పులో క్లోరిన్ ఉన్నది గదా! ఈ అన్నదమ్ములలో క్లోరిన్‌కూ, బ్రోమిన్‌కూ మంటను అణచే గుణం మెండు. మంట అంటే గాలిలో గొలుసుకట్టుగా సాగే రసాయన చర్య. ఇవి మధ్యలో చేయి పెట్టి ఆ గొలుసును తెంపుతవి.

మరి చిక్కెక్కడ? మంట పెద్దదై పి.వి.సి. కాలక తప్పనప్పుడు ఆ క్లోరిన్ ఉదజనితో జతకూడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికి వస్తుంది. తడి ఎక్కడ దొరికితే అక్కడ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయి కూర్చుంటుంది. మండే ఇంట్లో తడి ఎక్కడ ఉంటుంది? మనిషి కంటిలో, ముక్కులో, గొంతులో! కళ్ళు మూతలు పడతవి, ఊపిరి తిరగదు, పక్కనే ఉన్న మెట్లు కనిపించవు. పొగ కూడా నల్లగా, దట్టంగా ఉంటుంది.

అగ్నిప్రమాదం అనగానే మన మనస్సులో మెదిలేది మంట. కాని మనుషులను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది పొగ. 2023 మార్చి 16న రాత్రి సికిందరాబాదులో స్వప్నలోక్ అనే పెద్ద భవనంలో నిప్పు అంటుకున్నది. అక్కడ పనిచేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. పొగకు ఊపిరాడక పోయినవారే. ఆ పొగంతా తీగలదేనని నేను అనటం లేదు. అంతస్తులు ఎక్కువై, కిటికీలు తక్కువై, తీగలూ ప్లాస్టిక్కులూ పెరిగిన భవనాలలో పొగ సంగతి ముందుగా ఎందుకు ఆలోచించాలో చెప్పటానికే ఈ మాట ఎత్తాను.

ఇక బ్రోమిన్ గారి చరిత్ర మరొకటి. 1970 దశకంలో అమెరికాలో పసిపిల్లల రాత్రి దుస్తులు నిప్పుకు సులభంగా అంటుకోకూడదని నియమం పెట్టారు. నియమం మంచిదే. దానికోసం కొందరు తయారీదారులు గుడ్డకు ట్రిస్ అనే బ్రోమిన్ మందు పట్టించారు. 1977లో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఆ మందు జీవకణాలలోని వంశలక్షణాలను చెడగొట్టే రకమని తేల్చారు. ఆ సంవత్సరమే ఆ దుస్తుల అమ్మకం నిషేధించారు. ఈ బ్లమ్ గారు సామాన్యురాలు కాదు. మరుసటి ఏడు, అంటే 1978లో, స్త్రీల బృందానికి నాయకత్వం వహించి హిమాలయాలలో అన్నపూర్ణ శిఖరం మీదికి దండయాత్ర నడిపింది.

అంతకన్న విచిత్రమైనది 1973లో మిచిగన్ రాష్ట్రంలో జరిగింది. ఒక కర్మాగారంలో రెండు సరుకులు తయారయ్యేవి. ఒకటి ఫైర్‌మాస్టర్ అనే బ్రోమిన్ మందు, ప్లాస్టిక్కులు మండకుండా కలిపేది. రెండవది న్యూట్రిమాస్టర్ అనే మెగ్నీషియం ఆక్సైడు పొడి, పాడిపశువుల దాణాలో కలిపేది. పేర్లు చూచారా, కవలపిల్లల్లా ఉన్నవి! దాణాకు పోవలసిన సంచుల స్థానంలో మంటమందు సంచులు పోయినవి. ఆవులు మేత ముట్టవు, పాలివ్వవు. ఎందుకో పశువైద్యులకు అంతుపట్టలేదు. రసాయనం చదువుకున్న ఒక పాడిరైతు పట్టు విడువకుండా దాణాను పరీక్షలకు పంపగా పంపగా 1974లో గుట్టు బయటపడింది. అప్పటికే ఆ పాలూ, మాంసమూ ప్రజలు తిన్నారు. సుమారు 30,000 పశువులను, 15 లక్షల కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. ఆ మందు సులభంగా నశించదు. ఒంట్లోని కొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది.

ఈ కథలో మెగ్నీషియం ఆక్సైడు పొడిని గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

హాలొజన్ల వల్ల ఇంత చిక్కు ఉన్నప్పుడు, అవి లేకుండా ప్లాస్టిక్కు మంటను ఆపలేమా? ఆర్కెలాయస్ పూయించినట్లు పటికను వాడలేమా? వాడలేము. పటిక నీళ్ళలో కరిగిపోతుంది. 92 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ద్రవమవుతుంది. తీగ తొడుగు చేసేటప్పుడు ప్లాస్టిక్కును 150, 170 డిగ్రీల దాకా కాచాలి. అందులో పటిక వేస్తే అప్పుడే పొంగి, తొడుగంతా జల్లెడ అవుతుంది. కావలసినది ఎటువంటిదంటే, నీళ్ళలో కరగకూడదు, 170 డిగ్రీల దాకా నోరు మెదపకూడదు, అది దాటి నిప్పు వచ్చిందంటే దాచుకున్న నీళ్ళన్నీ కక్కాలి.

అటువంటి పొడి మీ తాతయ్య మందుల పెట్టెలో ఉండవచ్చు! పుల్లని త్రేనుపులకు, కడుపుమంటకు తెల్లని మందు తాగుతారే, ఆ మందులలో చాలావాటిలో ఉండేవి రెండు పొడులు. ఒకటి అల్యూమినియం హైడ్రాక్సైడు, రెండవది మెగ్నీషియం హైడ్రాక్సైడు. కడుపులో ఇవి ఆమ్లాన్ని చల్లారుస్తవి. తీగ మీద చేసే పని వేరు.

అల్యూమినియం అన్న పేరే లాటిను భాషలో పటికకు ఉన్న పేరులోనుండి పుట్టింది. కనుక మనం పటిక బంధువు దగ్గరికే వచ్చామన్నమాట. ఈ బంధువులో నీటి అణువులు ముందుగా తయారై ఉండవు; నీటి భాగాలు ఉంటవి. ఒక్కొక్క అల్యూమినియం పరమాణువు చుట్టూ ఉదజని, ప్రాణవాయువు చేతులు కలుపుకున్న జంటలు మూడు ఉంటవి. సుమారు 200 డిగ్రీల వేడి తగలగానే రెండేసి జంటలు కలిసి ఒక నీటి అణువును చేసి పంపివేసి, ఒక ప్రాణవాయు పరమాణువును అల్యూమినియానికి వదలిపెడతవి. ఒక కిలో పొడి నుండి ఇట్లా 346 గ్రాముల నీరు వస్తుంది. అది ఆవిరి అయినప్పుడు, మరిగే నీటి వేడిమి వద్ద సుమారు 580 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 15 లీటర్ల బిందెలు 38 నిండేటంత!

ఆ ఆవిరి తీగ చుట్టూ కమ్ముకుని, మండే వాయువులను పలచన చేస్తుంది. గాలిని దగ్గరకు రానివ్వదు. కాని అంతకన్న పెద్ద పని మరొకటి జరుగుతుంది. ఆ జంటలు విడిపోవటానికి ఊరికే విడిపోవు, వేడి కావాలి. ఆ వేడిని మంట నుండే లాక్కుంటవి. ఒక కిలో పొడి పూర్తిగా విడిపోవటానికి పట్టే వేడితో 30 డిగ్రీల నీళ్ళు నాలుగు లీటర్లు సలసల కాగుతవి. అంత వేడి పొడి మింగివేస్తే ప్లాస్టిక్కును కాల్చటానికి మంటకు ఏమి మిగులుతుంది? చివరకు మిగిలిన తెల్లని అల్యూమినా బూడిద తీగ మీద పెచ్చు కట్టి, లోపలి ప్లాస్టిక్కుకు గొడుగు పడుతుంది. పొగలోని మసిని కూడా కొంత పట్టి ఉంచుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ మాటే లేదు, ఎందుకంటే ఈ తొడుగులో పొడే గాక ప్లాస్టిక్కు కూడా క్లోరిన్ లేని రకమే వాడతారు. చెప్పుల అడుగున మెత్తగా ఉండే ఇ.వి.ఎ. అనే పదార్థం ఉన్నది చూడండి, తరచుగా అది.

ఈ పొడి ఎక్కడ దొరుకుతుంది? కొండల మీద, ఎర్రని రాయిగా. ఆ రాయి పేరు బాక్సైటు. ఫ్రాన్సులో లెబో అనే ఊరి దగ్గర 1821లో పియెర్ బెర్తియే దానిని గుర్తించినందువల్ల ఆ పేరు వచ్చింది. మనకు దగ్గరలో, తూర్పు కనుమలలో, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో పంచపట్మలి కొండ మీద తవ్వుతున్నారు. కొండ కింద దామంజోడిలో నాల్కో వారి కర్మాగారం ఉన్నది. అక్కడి అల్యూమినా మన విశాఖపట్నం రేవు నుండి ఓడలకెక్కుతుంది.

ఎర్రరాయిలో నుండి తెల్లపొడి తీసే ఉపాయం 1888లో కార్ల్ జోసెఫ్ బేయర్ అనే ఆస్ట్రియా రసాయనికుడు రష్యాలో ఉండగా కనిపెట్టాడు. ఆయనకు కావలసినది లోహం కాదు. నూలుగుడ్డకు రంగు గట్టిగా పట్టించే మందు. మన కలంకారీ పనివారు పటిక వాడేదీ అందుకే. రాయిని దంచి, కాగే కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికిస్తే అల్యూమినియం భాగం కరుగుతుంది, ఇనుపరంగు మట్టి అడుగున మిగులుతుంది. తేటను వేరు చేసి చల్లార్చి, పెరుగుకు తోడు వేసినట్లు ముందటి విడత పొడి కాస్త వేస్తే, తెల్లని హైడ్రాక్సైడు గింజలు గింజలుగా దిగుతుంది. లోహం చేసేవారు ఈ పొడిని 1,000 డిగ్రీలకు పైగా కాల్చి, ఖర్చు పెట్టి ఆ నీటిని తరిమివేస్తారు. తీగలవారు ఆ నీటికోసమే కొంటారు!

అడుగున మిగిలిన ఎర్రమట్టి సంగతి కూడా చెప్పకపోతే సగం చెప్పినట్లే. అందులో సోడా ఘాటు మిగిలి ఉంటుంది గనక పెద్ద చెరువులు కట్టి నిలవ చేస్తారు. 2010 అక్టోబరు 4న హంగరీ దేశంలో అయ్కా అనే ఊరి దగ్గర అటువంటి చెరువు కట్ట తెగి ఊళ్ళ మీద పడింది. పది మంది చనిపోయారు. తెల్లపొడి మంచిదే గాని, దాని వెనుక ఈ ఎర్రచెరువు ఉన్నదని తెలిసి వాడటం మంచిది.

ఇబ్బందులు మరికొన్ని ఉన్నవి. బ్రోమిన్ మందులాగా చిటికెడు వేస్తే ఈ పొడి పని చేయదు. తొడుగు బరువులో నూటికి 60, 65 పాళ్ళు పొడే ఉండాలి. అంటే అది ప్లాస్టిక్కు పూసిన రాయి అన్నా తప్పులేదు. పిండిలో నూక ఎక్కువైతే రొట్టె విరిగినట్లు, పొడి ఎక్కువైతే తొడుగు పెళుసవుతుంది. అందుకని పొడి గింజలను అతి సన్నగా చేసి, వాటికి కొవ్వు ఆమ్లంతోనో మరొక మందుతోనో పలచని పూత పూస్తారు. అప్పుడు ప్లాస్టిక్కులో కలుస్తుంది. తయారుచేయటం కష్టం, వెల ఎక్కువ.

నైలాను వంటి ప్లాస్టిక్కులను మలచటానికి 200 డిగ్రీలు చాలవు. అక్కడ మెగ్నీషియం హైడ్రాక్సైడు వస్తుంది. దానిలో నీరు నూటికి 31 పాళ్ళే గాని, సుమారు 330 డిగ్రీల దాకా విడువదు. సముద్రపు నీటిలో సున్నం కలిపితే తెల్లగా అడుగుకు దిగేది ఇదే. బ్రూసైట్ అనే పేరుతో రాయిగానూ దొరుకుతుంది. నిప్పులో నీరంతా పోయిన తరువాత ఇది ఏమవుతుందో చెప్పగలరా? మెగ్నీషియం ఆక్సైడు! మిచిగన్‌లో ఆవులకు చేరవలసి, చేరకపోయిన పొడి అదే.

పెద్దలకు ఒక మాట. కొత్త ఇల్లు కట్టేవారు, పాత తీగలు మార్చేవారు కొట్లో రంగు, వెల మాత్రమే చూచి చుట్ట కొంటారు. తీగ మీద, చుట్ట మీద అచ్చు వేసిన అక్షరాలు కూడా చదవాలి. ఎఫ్.ఆర్. అని ఉంటే మంటను అడ్డగించే పి.వి.సి. అన్నమాట. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. అంటే అదే పి.వి.సి., పొగా ఆమ్లమూ తక్కువ చేసినది. హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. అని గాని, జెడ్.హెచ్.ఎఫ్.ఆర్. అని గాని ఉంటే హాలొజన్ లేనిది. దీనికి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 17048, 2018లో వచ్చింది. సొరంగ రైళ్ళు, ఆసుపత్రులు, సినిమాహాళ్ళు, ఎత్తయిన మేడలు వంటి చోట్ల, జనం త్వరగా బయటపడలేరు గనక ఈ రకానికి విలువ ఎక్కువ. ఇల్లంతటికీ కొనలేనివారు మెట్ల వైపు, పిల్లలూ ముసలివారూ పడుకునే గదుల వైపు అయినా వేయించుకోవటం నాకు తెలివైన పనిగా తోస్తుంది.

ఈ తీగ ఉన్నది గదా అని ఒక ప్లగ్గుకు నాలుగు సామాన్లు తగిలించకూడదు. ఏ తీగ అయినా నిప్పు మధ్య పడితే కొంత కాలుతుంది. ఏది కాలినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తెల్లపొడి ఆమ్లపు పొగను తప్పిస్తుంది, నిప్పును ఆలస్యం చేస్తుంది. ఆ నాలుగు నిమిషాలలో మనం బయటపడాలి. పొగ పైకి లేస్తుంది గనక నేలకు దగ్గరగా వంగి, పాకుతూ గుమ్మం చేరాలి. లిఫ్టు ఎక్కకూడదు, మెట్లే దిగాలి.

చివరగా మీకొక లెక్క. ఒక కిలో తీగ తొడుగులో 600 గ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడు ఉన్నది. నిప్పు తగిలితే అందులోనుండి ఎంత నీరు వస్తుంది? కావలసిన అంకె పైన ఎక్కడో చెప్పాను, వెదికి పట్టుకోండి. కాగితం మీద కట్టిన తరువాత, అన్ని గ్రాముల నీళ్ళు ఒక గ్లాసులో పోసి ఎంత వరకు వచ్చినవో చూడండి.